పంపు ఆగితే ఆగేది నీరొక్కటే కాదు: వేగం మార్చే పంపులో లోపాన్ని వెతికే పద్ధతి

2014 జూన్ 12 సాయంత్రం ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు కర్మాగారంలో రెండో నంబరు పంప్‌హౌస్‌లో లోపం తలెత్తింది. బ్లాస్ట్ ఫర్నేస్ వాయువును నీటితో శుద్ధి చేసే విభాగంలో నీటి పీడనం పడిపోయింది. ఎదురుగా నెట్టే నీటి బలం తగ్గడంతో వాయువు పంప్‌హౌస్ వైపు వచ్చింది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంది. ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లతో సహా ఆరుగురు చనిపోయారు. ముప్పై మందికి పైగా అస్వస్థులయ్యారు.

సోవియట్ యూనియన్ సహకారంతో కట్టిన ఈ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉద్యోగాల కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తాండుల జలాశయం, మరోదా చెరువు నీళ్లు లేకుండా ఈ ఊళ్లో ఉక్కు తయారు కాదు. ఆ నీటిని కదిలించేవి పంపులు. 2014 నాటి ప్రమాదం కూడా వాయువు దగ్గర కాక నీటి దగ్గరే మొదలైంది.

ఇప్పుడు ఒక చిన్న పంపును తీసుకుందాం. హోటళ్లలో, క్లబ్బుల్లో, అపార్ట్‌మెంట్లలో ఈత కొలను నీటిని వడపోత యంత్రం గుండా తిప్పే వేరియబుల్ స్పీడ్ పంపు అది. ఉక్కు కర్మాగారపు పంపు ముందు ఇది బొమ్మలాంటిది. అయినా రెండింటిలోనూ పనిచేసేది ఒకే భౌతికశాస్త్రం. లోపాన్ని వెతికే పద్ధతీ ఒకటే. పంపు ఆగినప్పుడు ఇంకేం జరుగుతుందన్న ప్రశ్న కూడా రెండు చోట్లా తప్పదు.

పంపు ఇచ్చేవి రెండు

పంపు పనిని రెండు కొలతల్లో చెబుతారు. గంటకు ఎంత నీరు కదిలిందన్నది ప్రవాహం. ఆ నీటిని ఎంత ఎత్తుకు నెట్టగలదన్నది హెడ్. హెడ్‌ను మీటర్లలో కొలుస్తారు. 10 మీటర్ల నీటి ఎత్తు సుమారు 1 బార్ పీడనానికి సమానం.

ఒకే పంపు ఈ రెండింటినీ ఒకేసారి గరిష్ఠంగా ఇవ్వలేదు. బయటికి వెళ్లే వాల్వు పూర్తిగా మూస్తే ప్రవాహం సున్నా అవుతుంది, పీడనం దాదాపు గరిష్ఠానికి చేరుతుంది. వాల్వు తెరిచేకొద్దీ ప్రవాహం పెరిగి పీడనం తగ్గుతుంది. మరోవైపు పైపులు, వంపులు, ఫిల్టరులోని ఇసుక నీటిని అడ్డుకుంటాయి. ప్రవాహం రెట్టింపైతే ఆ అడ్డు దాదాపు నాలుగు రెట్లవుతుంది. పంపు ఇవ్వగలిగిన పీడనం, పైపులు కోరే పీడనం ఎక్కడ సమానమవుతాయో అక్కడే పంపు నిలకడగా నడుస్తుంది. అందువల్ల నీరు తక్కువ వస్తోందంటే పంపు బలహీనపడి ఉండవచ్చు, లేదా పైపుల్లో అడ్డు పెరిగి ఉండవచ్చు. ఈ రెంటినీ విడదీయడమే పరీక్షలో మొదటి మెట్టు.

వేగం తగ్గితే ఏం తగ్గుతుంది

సెంట్రిఫ్యూగల్ పంపులో ఇంపెల్లర్ తిరిగే వేగాన్ని మారిస్తే మూడు రాశులు మూడు రకాలుగా మారుతాయి. ప్రవాహం వేగానికి అనులోమంగా, హెడ్ వేగ వర్గానికి అనులోమంగా, పంపు తీసుకునే శక్తి వేగ ఘనానికి అనులోమంగా ఉంటాయి. నిమిషానికి 2,900 చుట్లు తిరిగే పంపును 1,450 చుట్లకు తగ్గిస్తే ప్రవాహం సగం, హెడ్ నాలుగో వంతు, శక్తి ఎనిమిదో వంతు అవుతాయి.

ఒక లెక్క చూద్దాం. లక్ష లీటర్ల కొలనులో నీరంతా ఒకసారి ఫిల్టరు గుండా వెళ్లాలి. పూర్తి వేగంలో పంపు గంటకు 20 వేల లీటర్లు తిప్పుతూ 1.5 కిలోవాట్లు తీసుకుంటుందనుకుందాం. 5 గంటల్లో పని పూర్తవుతుంది, 7.5 యూనిట్లు ఖర్చవుతాయి. సగం వేగంలో అదే పనికి 10 గంటలు పడుతుంది. సిద్ధాంతం ప్రకారం శక్తి 0.19 కిలోవాట్లే, అంటే 10 గంటలకు సుమారు 1.9 యూనిట్లు. మోటారు, డ్రైవ్ నష్టాలు కలిపి 0.3 కిలోవాట్లు అనుకున్నా 3 యూనిట్లు దాటదు. పంపు రెట్టింపు సేపు నడిచినా బిల్లు సగానికన్నా తక్కువే.

అయితే కొలనులో నీరు బయల్దేరిన మట్టానికే తిరిగి వస్తుంది. పంపు కేవలం రాపిడిని జయిస్తే చాలు. నీటిని ఎత్తుకు ఎక్కించాల్సిన చోట లెక్క వేరు. పూర్తి వేగంలో గరిష్ఠంగా 20 మీటర్ల హెడ్ ఇచ్చే పంపు 12 మీటర్ల ఎత్తున్న ట్యాంకును నింపుతోందనుకుందాం. సగం వేగంలో దాని హెడ్ 5 మీటర్లకు పడిపోతుంది. మోటారు తిరుగుతుంది, చప్పుడు వస్తుంది, ట్యాంకులోకి మాత్రం చుక్క కూడా చేరదు. 12ను 20తో భాగించి వర్గమూలం తీస్తే 0.775 వస్తుంది. అంటే 50 హెర్ట్జ్‌లో నడిచే ఈ పంపును సుమారు 39 హెర్ట్జ్ కన్నా తగ్గిస్తే నీరు ఎక్కదు. పంపు చెడిపోయిందని విప్పేసిన తరువాత, ఎవరో సెట్టింగ్ తగ్గించారని తెలిసే సందర్భాలకు మూలం ఇదే.

ఉక్కు కర్మాగారంలో ఎత్తుకు తోడు వాయు పీడనం కూడా ఉంటుంది. ఫర్నేస్ నుంచి వచ్చే వాయువు వాతావరణం కన్నా ఎక్కువ పీడనంలో ఉంటుంది. ఆ తేడా 1 బార్ ఉందనుకుంటే నీటికి అది అదనంగా 10 మీటర్ల ఎత్తు ఎక్కినట్లే. ఇలాంటి చోట పంపు వేగం 10 శాతం తగ్గితే హెడ్ 19 శాతం పడిపోతుంది, ప్రవాహం 10 శాతం కన్నా బాగా ఎక్కువే తగ్గుతుంది. హెడ్ ఎదుటి పీడనం కన్నా దిగువకు వచ్చిందంటే ప్రవాహం ఆగిపోతుంది. వెనక్కి వెళ్లనివ్వని వాల్వు లేకపోయినా, ఉండి సరిగా మూసుకోకపోయినా అవతలి పదార్థం ఇవతలికి బయల్దేరుతుంది.

డ్రైవ్ లోపల ఏముంది

వేగాన్ని మార్చే పెట్టెను డ్రైవ్ లేదా వీఎఫ్‌డీ అంటారు. అందులో మూడు దశలు ఉంటాయి. మొదటిది వచ్చే ఏసీ కరెంటును డీసీగా మారుస్తుంది. రెండోది ఆ డీసీని పెద్ద కెపాసిటర్లలో నిలిపి ఉంచుతుంది. మూడోది సెమీకండక్టర్ స్విచ్‌లతో ఆ డీసీని ముక్కలుగా కోసి కావలసిన పౌనఃపున్యంలో మళ్లీ ఏసీగా మోటారుకు ఇస్తుంది. 415 వోల్టుల త్రీ ఫేజ్ సరఫరా మీద నడిచే డ్రైవ్‌లో డీసీ వోల్టేజీ సుమారు 587 వోల్టులు. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ డ్రైవ్‌లో అది సుమారు 325.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. మెయిన్ స్విచ్ ఆపినంత మాత్రాన కెపాసిటర్లలోని విద్యుత్తు పోదు. మాన్యువల్‌లో రాసినన్ని నిమిషాలు ఆగి, డీసీ టెర్మినళ్ల దగ్గర మీటరుతో కొలిచి, వోల్టేజీ లేదని తేలాకే మూత లోపల చేయి పెట్టాలి. స్విచ్‌కు తాళం వేసి, పని జరుగుతోందని ట్యాగ్ తగిలించడం కూడా ఇందులో భాగమే. టైమరు మీద నడిచే కొలను పంపు, పని చేస్తున్న మనిషి చేయి ఇంపెల్లర్ దగ్గర ఉండగా దానంతట అదే స్టార్ట్ కాగలదు.

నాలుగు గదులు, రెండు గేజులు

వేగం మార్చే పంపులో లోపం నాలుగు చోట్లలో ఎక్కడైనా ఉండవచ్చు. నీటి దారి, పంపు యాంత్రిక భాగాలు, మోటారు, డ్రైవ్ మరియు దాని సెట్టింగులు. అనుభవం లేనివారు స్క్రీన్ మీద అక్షరాలు కనిపించగానే నాలుగో గదిలోకి వెళతారు. మొదట వెతకవలసింది నీటి దారిలో. అక్కడ వెతకడానికి ఖర్చు లేదు, లోపాలు ఎక్కువగా ఉండేదీ అక్కడే.

ఇందుకు రెండు గేజులు కావాలి. ఫిల్టరు మీద పీడనం చూపే గేజు సాధారణంగా ఉంటుంది. పంపులోకి నీరు వచ్చే వైపు వ్యాక్యూమ్ గేజు చాలా చోట్ల ఉండదు. పంపు డ్రెయిన్ ప్లగ్ దగ్గర దాన్ని బిగించుకోవచ్చు. రెండు ముళ్లనూ కలిపి చదివితే దారి దొరుకుతుంది.

ఫిల్టరు పీడనం పెరిగి, నీరు తగ్గితే అడ్డు పంపు తరువాత ఉంది. ఇసుక మురికి పట్టి ఉండవచ్చు, లేదా తిరిగి కొలనుకు వెళ్లే వాల్వు సగం మూసి ఉండవచ్చు. శుభ్రంగా ఉన్నప్పటి అంకె కన్నా 0.5 నుంచి 0.7 బార్ పెరిగితే ఫిల్టరును వెనక్కి కడగాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అయితే రెండు అంకెలూ ఒకే వేగంలో తీసినవై ఉండాలి. తక్కువ వేగంలో గేజు ఎలాగూ తక్కువే చూపుతుంది కాబట్టి మురికి పట్టిన ఫిల్టరు కూడా శుభ్రంగా ఉన్నట్లే కనిపిస్తుంది.

ఫిల్టరు పీడనం తగ్గి, వ్యాక్యూమ్ పెరిగితే అడ్డు పంపుకు ముందు ఉంది. స్కిమ్మర్ బుట్టలో ఆకులు నిండి ఉంటాయి, లేదా వాల్వు మూసి ఉంటుంది.

రెండూ తగ్గితే పంపే సరిగా నెట్టడం లేదని అర్థం. ఇంపెల్లర్ రెక్కల మధ్య వెంట్రుకలు, గింజలు ఇరుక్కుని ఉండవచ్చు. రెక్కలు అరిగి ఉండవచ్చు. పంపు గాలి పట్టి ఉండవచ్చు. వేగం నిజంగానే తక్కువ ఉండవచ్చు. లేదా మోటారు ఎదురు దిశలో తిరుగుతూ ఉండవచ్చు.

చివరిది చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. సెంట్రిఫ్యూగల్ పంపు ఎదురు దిశలో తిరిగినా కొంత నీరు ఇస్తుంది. అందువల్ల దిశ మీద అనుమానం రాదు. నేరుగా స్టార్టరు మీద నడిచే త్రీ ఫేజ్ మోటారుకు ఏవైనా రెండు ఫేజు వైర్లు మారిస్తే దిశ మారుతుంది. డ్రైవ్ ఉన్నప్పుడు దానిలోకి వచ్చే వైర్లు ఎన్నిసార్లు మార్చినా దిశ మారదు, ఎందుకంటే లోపల అదంతా ముందు డీసీగా మారిపోతుంది. డ్రైవ్ నుంచి మోటారుకు వెళ్లే వైర్లలో రెండింటిని మార్చాలి, లేదా సెట్టింగులో దిశ మార్చాలి.

ముల్లు ఊగుతూ, స్ట్రైనర్ మూత కింద బుడగలు కనిపిస్తే పంపు గాలి లాగుతోంది. మూత కింది ఓ రింగ్ ఎండి చిట్లిందా, యూనియన్ జాయింట్ వదులైందా, కొలనులో నీటి మట్టం స్కిమ్మర్ కన్నా దిగిందా చూడాలి. పొలంలో మోటారు ఎత్తకపోతే నీళ్లు పోసి ప్రైమింగ్ చేసే రైతుకు ఈ సమస్య కొత్త కాదు. కొలను పంపులో తేడా ఒక్కటే. మొదట పైపులోని గాలిని వెళ్లగొట్టడానికి ఎక్కువ వేగం కావాలి. ప్రైమింగ్ వేగాన్ని, సమయాన్ని బాగా తగ్గించి పెడితే ఆరోగ్యంగా ఉన్న పంపు కూడా ఎత్తదు.

గులకరాళ్ల చప్పుడు

పంపులో గులకరాళ్లు తిరుగుతున్నట్లు వినిపిస్తే దాన్ని కేవిటేషన్ అంటారు. ఇంపెల్లర్ మధ్యలో పీడనం బాగా తగ్గితే నీరు అక్కడ ఆ ఉష్ణోగ్రతలోనే ఆవిరి బుడగలుగా మారుతుంది. బుడగలు ఎక్కువ పీడనం ఉన్న చోటికి వెళ్లి ఒక్కసారిగా కూలిపోతాయి. ఆ దెబ్బలకు లోహం మీద చిన్న చిన్న గుంటలు పడతాయి.

ఎండాకాలంలో భిలాయ్‌లో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. నీరు వేడెక్కడం వల్లే కేవిటేషన్ వస్తోందా? లెక్క వేస్తే తెలుస్తుంది. 30 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం సుమారు 0.43 మీటర్ల హెడ్‌కు, 40 డిగ్రీల దగ్గర 0.75 మీటర్లకు సమానం. తేడా మూడో వంతు మీటరు మాత్రమే. వాతావరణ పీడనం సుమారు 10 మీటర్ల బలం ఇస్తుండగా ఇంత చిన్న తేడా మీద నింద వేయలేం. మూసుకుపోయిన స్ట్రైనర్, సన్నని పైపు, అవసరానికి మించిన వేగం మీదే అనుమానం పడాలి. కర్మాగారాల్లో 60 డిగ్రీల నీటిని తోడే పంపుల సంగతి వేరు. అక్కడ ఆవిరి పీడనమే 2 మీటర్లను మింగేస్తుంది.

వేగాన్ని కాస్త తగ్గించి వింటే మరో ఆధారం దొరుకుతుంది. కేవిటేషన్ అయితే ఒక దశలో గరగర పూర్తిగా ఆగిపోతుంది. బేరింగ్ అరిగిపోయి ఉంటే చప్పుడు ఆగదు, దాని శ్రుతి మాత్రం దిగుతుంది.

వేగమే పరీక్షా సాధనం

పాత ఒకే వేగపు పంపుతో చేయలేని పరీక్ష ఒకటి ఈ పంపుతో చేయవచ్చు. మూడు వేగాల్లో ఫిల్టరు గేజు చదివి, హెడ్ వేగ వర్గానికి అనులోమమన్న నియమంతో పోల్చడమే ఆ పరీక్ష. ముందు పంపు ఆపి గేజు చూడాలి. గేజు, కొలను మట్టాల తేడా వల్ల ముల్లు సున్నా దగ్గర లేకపోతే ఆ అంకెను ప్రతి కొలత నుంచి తీసేయాలి. పరీక్ష జరిగేంతసేపూ వాల్వులు కదపకూడదు.

ఆరోగ్యంగా ఉన్న పంపు 2,900 చుట్ల దగ్గర 1.2 బార్ ఇచ్చిందనుకుందాం. 70 శాతం వేగంలో, అంటే 2,030 చుట్ల దగ్గర 0.59 బార్, 1,450 చుట్ల దగ్గర 0.3 బార్ రావాలి. ఇవి లాగ్ పుస్తకంలో ఉన్నాయి. ఆరు నెలల తరువాత అదే పంపులో నీరు తగ్గింది.

ఈసారి 0.9, 0.44, 0.22 వస్తే మూడూ పాత అంకెల్లో దాదాపు 75 శాతం. వర్గ నియమం చెక్కుచెదరలేదు, పంపు బలం మాత్రం అన్ని వేగాల్లోనూ ఒకే పాళ్లలో తగ్గింది. రెక్కలు అరిగాయా, ఇంపెల్లర్‌లో చెత్త ఇరుక్కుందా, దిశ తప్పిందా చూడాలి. వ్యాక్యూమ్ ఎక్కువగా ఉంటే అడ్డు స్ట్రైనర్‌లో ఉంది.

0.85, 0.58, 0.3 వస్తే కింది రెండు వేగాలూ బాగున్నాయి, పై వేగం ఒక్కటే వెనకబడింది. ఇంపెల్లర్ అరిగి ఉంటే ఇలా జరగదు. ఎక్కువ వేగంలో లాగుడు పెరిగి గాలి చొరబడుతోంది, లేదా కేవిటేషన్ మొదలవుతోంది. పంపు విప్పకుండా లోపలికి వచ్చే పైపును, జాయింట్లను పరీక్షించాలి.

మూడు అంకెలూ పాతవాటి కన్నా ఒకే పాళ్లలో పెరిగితే ఫిల్టరు లేదా తిరుగు దారి మూసుకుంటోంది. వేగం మార్చినా గేజు కదలకపోతే ముందు గేజును అనుమానించాలి, తరువాత డ్రైవ్‌ను. స్క్రీన్ మీద కనిపించేది డ్రైవ్ ఇచ్చిన ఆదేశం. ఇంపెల్లర్ షాఫ్ట్ మీద జారిపోతుంటే మోటారు చెప్పినట్లే తిరుగుతుంది, నీరు మాత్రం కదలదు. అప్పుడు కరెంటు కూడా మామూలు కన్నా బాగా తక్కువ ఉంటుంది.

స్క్రీన్ మీద వచ్చేది లక్షణమే

జ్వరం ఒక జబ్బు పేరు కాదు, లక్షణం. డ్రైవ్ చూపే సంకేతం కూడా అంతే. పంపుల తయారీదారులు వేర్వేరు అక్షరాలు వాడినా వాటి వెనక ఉండే విషయాలు కొన్నే.

లో వోల్టేజీ సంకేతం వస్తే డీసీ కెపాసిటర్ల దగ్గర వోల్టేజీ చాలలేదు. సరఫరా బలహీనంగా ఉండవచ్చు, ఒక ఫేజు పోయి ఉండవచ్చు, టెర్మినల్ స్క్రూ వదులై ఉండవచ్చు. వదులైన చోట వైరు రంగు మారి, ప్లాస్టిక్ కమిలి కనిపిస్తుంది.

హై వోల్టేజీ సంకేతం పంపు ఆగే క్షణాల్లోనే వస్తోందా గమనించాలి. వేగాన్ని హఠాత్తుగా తగ్గిస్తే తిరుగుతున్న మోటారు జనరేటరులా మారి శక్తిని డ్రైవ్‌లోకి వెనక్కి పంపుతుంది. ఆగడానికి పట్టే సమయాన్ని సెట్టింగులో పెంచితే సరిపోతుంది. పంపు స్థిరంగా నడుస్తుండగా వస్తే సరఫరాలోని హెచ్చుతగ్గులను చూడాలి.

ఓవర్ కరెంట్ సంకేతం స్టార్ట్ కాగానే వస్తే ముందు కరెంటు తీసి, తాళం వేసి, షాఫ్ట్‌ను చేత్తో తిప్పాలి. తిరగకపోతే ఇంపెల్లర్ పట్టేసింది లేదా బేరింగ్ పోయింది. తేలిగ్గా తిరిగితే వేగం పెరగడానికి ఇచ్చిన సమయం, కేబులు, మోటారు వైండింగ్ వరుసగా చూడాలి. వైండింగ్ ఇన్సులేషన్‌ను మెగ్గర్‌తో కొలిచేముందు మోటారు వైర్లను డ్రైవ్ నుంచి పూర్తిగా విడదీయాలి. మెగ్గర్ ఇచ్చే 500 వోల్టులు డ్రైవ్‌లోని సెమీకండక్టర్లను కాల్చేయగలవు.

ఓవర్ టెంపరేచర్ సంకేతం మధ్యాహ్నాలే వస్తుంటే కారణం పంప్‌షెడ్‌లో ఉండవచ్చు. చాలా డ్రైవ్‌లను చుట్టూ ఉన్న గాలి 40 డిగ్రీల లోపు ఉంటుందని లెక్కించి తయారుచేస్తారు. అంతకు మించితే పూర్తి భారం మోయలేవు. రేకుల కప్పు కింద, మే నెల ఎండలో, దుమ్ము పట్టిన హీట్ సింక్‌తో ఏ డ్రైవ్ అయినా ఆగిపోతుంది. నీడ, గాలి ఆడే కిటికీ, శుభ్రమైన ఫ్యాన్ చాలాసార్లు కొత్త డ్రైవ్ కొనే ఖర్చును తప్పిస్తాయి.

ఎర్త్ ఫాల్ట్ సంకేతం వచ్చినా, ఆర్‌సీసీబీ పడిపోతున్నా మోటారు టెర్మినల్ పెట్టెలో తడి ఉందేమో చూడాలి. డ్రైవ్‌లు సహజంగానే ఎక్కువ పౌనఃపున్యంలో కొంత కరెంటును ఎర్త్‌లోకి వదులుతాయి. డ్రైవ్‌కు సరిపోని రకం ఆర్‌సీసీబీ అందువల్ల ఊరికే పడిపోతుంటుంది. సరైన రకాన్ని పెట్టడం దీనికి మార్గం. దాన్ని తప్పించి నేరుగా వైరు కలపడం మాత్రం తడి ఒళ్లతో పిల్లలు దిగే నీటి దగ్గర ప్రాణాలతో ఆడుకోవడమే.

డ్రైవ్ నుంచి మోటారుకు వెళ్లే వోల్టేజీని మామూలు మల్టీమీటరుతో కొలిస్తే తప్పుడు అంకెలు వస్తాయి. అక్కడ ఉన్నది నునుపైన తరంగం కాదు, వేగంగా తెగిపడే ముక్కలు. డ్రైవ్ కొలతలకు తగిన మీటరే వాడాలి.

నీరు ఆగినా ఆగనివి

ఇంతవరకూ పంపును బాగుచేయడం గురించి చూశాం. పంపు చెడిన క్షణానికీ, బాగయ్యే క్షణానికీ మధ్య ఏం జరుగుతుందన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న.

ఈత కొలనుల్లో నీటి శుద్ధికి సోడియం హైపోక్లోరైట్, ఆమ్లత సరిచేయడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడతారు. రెండింటినీ చిన్న డోసింగ్ పంపులు వేర్వేరుగా నీటి పైపులోకి వదులుతుంటాయి. నీరు పారుతున్నంతసేపూ అవి పలచబడి కొలనులో కలుస్తాయి. ప్రధాన పంపు ఆగి, డోసింగ్ పంపులు ఆగకపోతే రెండూ నిలిచిన నీటిలో చిక్కగా కలుసుకుంటాయి. వాటి చర్యలో పుట్టేది క్లోరిన్ విషవాయువు. ఎవరో పంపును మళ్లీ స్టార్ట్ చేయగానే ఆ వాయువంతా ఈదుతున్నవారి మధ్యకు తన్నుకొస్తుంది. ఇలాంటి ప్రమాదాలు వివిధ దేశాల్లో జరిగాయి. అందుకే ప్రవాహం ఉంటేనే డోసింగ్ జరిగేలా ఫ్లో స్విచ్‌తో ముడిపెడతారు.

వేగం మార్చే పంపు ఈ ముడికి ఒక చిక్కు తెచ్చింది. పూర్తి వేగానికి సరిచేసిన ఫ్లో స్విచ్, సగం వేగంలో నీరు పారుతున్నా లేదని చెప్పవచ్చు. డోసింగ్ ఆగిపోయి నీరు పచ్చబడుతుంది. విసుగెత్తిన ఆపరేటరు స్విచ్‌ను తప్పించి వైరు కలిపేస్తాడు. నీరు తేటపడుతుంది, ఫిర్యాదులు ఆగుతాయి, రక్షణ మాత్రం పోతుంది. సరైన పని డోసింగ్ సమయాన్ని తగినంత వేగం ఉన్న గంటలకు మార్చడం, లేదా తక్కువ ప్రవాహాన్ని కూడా గుర్తించే స్విచ్ పెట్టడం. కొత్తగా బాధ్యత తీసుకున్నవారు ముందుగా చేయవలసిన పరీక్ష కూడా ఇదే. కొలనులో ఎవరూ లేనప్పుడు ప్రధాన పంపు ఆపి, డోసింగ్ పంపులు వాటంతట అవే ఆగుతున్నాయో లేదో కళ్లతో చూడాలి.

భిలాయ్ ప్రమాదంలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. నీటి పీడనం పడింది, నీరు అదుపులో ఉంచుతున్న వాయువు దారి మళ్లింది. బ్లాస్ట్ ఫర్నేస్ వాయువులో ఐదో వంతు, కొన్నిసార్లు అంతకు మించి కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. పది లక్షల భాగాల గాలిలో 1,200 భాగాలు ఉంటేనే వెంటనే ప్రాణాపాయమని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. ఐదో వంతు అంటే పది లక్షలకు 2 లక్షల భాగాలు, ఆ హద్దుకు 160 రెట్లకు పైగా. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తల తిరుగుతోందని గ్రహించేసరికి నడిచి బయటపడే శక్తి ఉండకపోవచ్చు.

ఇలాంటి చోట్ల రక్షణను ఒకే పంపు మీద వదలరు. ఒకటి ఆగితే మరొకటి అందుకునే స్టాండ్‌బై పంపు, దానికి వేరే విద్యుత్ మార్గం, కొంతసేపు పీడనం నిలిపే ఎత్తైన ట్యాంకు, వెనక్కి పోనివ్వని వాల్వు, పీడనం హద్దు దాటి తగ్గగానే మోగే అలారం, వాయువును తెగ్గొట్టే ఏర్పాటు ఒకదాని వెనక ఒకటి ఉండాలి. నీరు తప్ప మరేమీ ఉండదనుకునే పంప్‌హౌస్‌లోనూ, వాయువు చేరే అవకాశం ఉంటే కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ ఉండాలి.

పంపు ఆగిందని కబురు రాగానే పనిముట్ల సంచితో పరుగెత్తడం మంచి మెకానిక్ లక్షణంగా కనిపిస్తుంది. వాయువు చేరే అవకాశం ఉన్న చోట ఆ పరుగే ప్రాణం తీయగలదు. ఎవరైనా పడిపోయారని చూసి లోపలికి దూకినవారు వారి పక్కనే పడిపోవడం ఇలాంటి ప్రమాదాల్లో తరచూ జరిగేదే. ముందు గాలిని కొలవాలి. కొలిచే పరికరం లేకపోతే, గాలి సిలిండరుతో పనిచేసే శ్వాస పరికరం లేకపోతే బయటే ఆగి పిలవాలి.

లాగ్ పుస్తకంలో రాయవలసినవి

లోపం వచ్చిన రోజు దొరికే ఆధారాల కన్నా, అంతా బాగున్న రోజున రాసి పెట్టుకున్న అంకెలు ఎక్కువ ఉపయోగపడతాయి. పంపు కొత్తగా ఉన్నప్పుడు లేదా సర్వీసు చేసిన మర్నాడు మూడు వేగాల దగ్గర ఫిల్టరు పీడనం, వ్యాక్యూమ్, డ్రైవ్ చూపే కరెంటు రాసుకోవాలి. పక్కనే తేదీ, గాలి ఉష్ణోగ్రత, వాల్వుల స్థితి ఉండాలి. సెట్టింగు ఎవరు మార్చినా పాత అంకె, కొత్త అంకె, కారణం రాసి సంతకం చేయాలి. నెలకోసారి ఫ్లో స్విచ్, అలారం, ఆర్‌సీసీబీ నిజంగా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించి ఫలితం రాయాలి. ఏదైనా రక్షణను తాత్కాలికంగా తప్పించవలసి వస్తే ఎంతసేపటికి, ఎవరి అనుమతితో అన్నది అందరికీ కనిపించేలా ఎర్ర సిరాతో ఉండాలి, తిరిగి కలిపాకే ఆ పద్దు మూయాలి.

పరీక్ష క్రమం కూడా ఆ పుస్తకం అట్ట మీదే అతికించవచ్చు. ముందు మనుషులకు ప్రమాదం ఉందా చూడాలి. తరువాత ఏం మారిందో అడగాలి. ఆపైన నీరు, యంత్రం, మోటారు, డ్రైవ్ అన్న వరుసలో వెతకాలి. ఒకసారికి ఒక్క మార్పే చేసి మళ్లీ కొలవాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే పంపు బాగుపడినా ఏది కారణమో తెలియదు, అదే లోపం మళ్లీ వచ్చినప్పుడు వెతుకులాట మొదటికొస్తుంది.